ఒంటికీ మనసుకీ కలిపి: హైదరాబాద్ ఆడవాళ్లు, అమ్మాయిలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలన్నీ ఓపీ క్యూల్లో, ఆటోల్లో, బస్తీ మీటింగుల్లో, రాత్రి పది దాటాక ఫోన్లలో ఆడవాళ్లు నన్ను అడిగినవే. నేను డాక్టర్‌ని కాను. ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లడానికి జంకేవాళ్లకు తోడుగా వెళ్తుంటాను. ఇది చదివి ఏ మందూ మొదలుపెట్టొద్దు, వాడుతున్నది ఆపొద్దు. ఎవరిని, ఎప్పుడు, ఏమని అడగాలో తెలుసుకోవడానికి చదవండి.

గైనిక్ సమస్యలు, మానసిక సమస్యలు రెండూ ఒకే చోట ఎందుకు చెబుతున్నారు?

ఒకసారి నలభై దాటని ఒకావిడతో ఆసుపత్రికి వెళ్లాను. ఆమె చేతిలో బట్టల షాపు క్యారీబ్యాగు, అందులో మూడు ఫైళ్లు. ఒకటి గైనిక్‌ది, ఒకటి థైరాయిడ్‌ది. మూడోది చెవిలో మాటలు వినిపిస్తున్నాయని సైకియాట్రిస్టుకు చూపించుకున్నది. ఆ మూడో ఫైలును మాత్రం పాత న్యూస్‌పేపర్లో చుట్టి, అడుగున పెట్టింది. "ఇది ఇక్కడ చూపించొద్దక్కా, పిచ్చిదనుకుంటారు" అంది. ఎనిమిది నెలలుగా ఆమెకు డేట్ రావడం లేదు. ముందే నెలసరి ఆగిపోతోందేమోనని పరీక్షల మీద పరీక్షలు రాస్తున్నారు. బతిమాలి ఆ పేపరు విప్పించి డాక్టరమ్మ ముందు పెట్టాం. అందులో రిస్పెరిడోన్ అనే మందు ఉంది. ఆ మందు కొందరిలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. అది పెరిగితే నెలసరి ఆగిపోవచ్చు, బాలింత కాకపోయినా పాలు రావచ్చు. ప్రొలాక్టిన్ పరీక్ష చేయిస్తే అదే తేలింది. సైకియాట్రిస్టు మందు మార్చారు, కొన్ని నెలలకు డేట్ వచ్చింది.

అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది ఒకటే. గైనిక్ డాక్టర్‌కు మీ మనసు సంగతి, సైకియాట్రిస్టుకు మీ నెలసరి సంగతి తప్పకుండా చెప్పండి. థైరాయిడ్ తగ్గితే దిగులుగా ఉంటుంది, బ్లీడింగ్ కూడా ఎక్కువవుతుంది. రక్తం తక్కువైతే గుండె దడ, ఆయాసం వస్తాయి, మనం దాన్ని టెన్షన్ అనుకుంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భిణి కాని ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. ఎనిమిదితో ఇంటి పని, బయటి పని రెండూ చేస్తూ "నాకే ఓపిక లేదు, నేనే బద్ధకస్తురాలిని" అని తమను తాము తిట్టుకునేవాళ్లు ఎంతమందో.

హైదరాబాద్‌లో ముందు ఎక్కడికి వెళ్లాలి?

ఏం సమస్యో మీకే స్పష్టంగా తెలియకపోతే దగ్గర్లోని బస్తీ దవాఖానాతో మొదలుపెట్టండి. ఎంబీబీఎస్ డాక్టర్ చూస్తారు, రక్త పరీక్షలు ఉచితం. ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారాలు ఆడవాళ్ల కోసమే ప్రత్యేక క్లినిక్‌లు 2023 మార్చి 8న మొదలయ్యాయి. మీ ఏరియాలో ఏ సెంటర్‌లో నడుస్తోందో ఆశా వర్కర్‌ను అడిగి వెళ్లండి.

గైనిక్ సమస్యలకు, కాన్పులకు పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి. మానసిక సమస్యలకు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. "ఎర్రగడ్డ" అనే మాటను మనవాళ్లు తిట్టులా వాడీ వాడీ, అక్కడికి వెళ్లాల్సినవాళ్లు కూడా వెళ్లకుండా చేశారు. ఉదయం ఓపీకి వెళ్లి, డాక్టర్‌తో మాట్లాడి, మందులు తీసుకుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసేవాళ్లు అక్కడ రోజూ కనిపిస్తారు. అయినా ఆ పేరంటేనే భయమైతే గాంధీ ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ గైనిక్, సైకియాట్రీ రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి కాబట్టి ఎందుకొచ్చారని ఎవరైనా అడిగినా జవాబు చెప్పుకోవడం తేలిక. రెండు చోట్లకూ మెట్రో స్టేషన్ ఉంది. సిటీ బస్సులో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు.

ఓపీ చీటీ ఉదయం పూటే ఇస్తారు. ఆధార్, పాత చీటీలు, తాగడానికి నీళ్లు, తినడానికి ఏదైనా పెట్టుకుని పెందలాడే బయల్దేరండి.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. డేట్ సరిగ్గా రావడం లేదు. పెళ్లి కాని పిల్లను గైనిక్ డాక్టర్‌కు చూపించొచ్చా?

చూపించాలి. పెద్దమనిషి అయిన మొదటి రెండు మూడేళ్లు కాస్త అటూ ఇటూ కావడం మామూలే. ఆ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా కంగారు లేదు. మూడు నెలలు దాటినా రాకపోతే, వచ్చింది వారం దాటినా ఆగకపోతే, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతుంటే, 15 నిండినా అసలు మొదలే కాకపోతే మాత్రం ఆలస్యం చేయొద్దు.

హాస్టల్లో ఉండి చదివే పిల్లల విషయంలో ఇంకొకటి గమనించండి. తిండి తగ్గి, బరువు తగ్గి, నిద్ర లేక, పరీక్షల ఒత్తిడి పెరిగితే మెదడు నుంచి అండాశయానికి అందాల్సిన హార్మోన్ సంకేతాలు తగ్గిపోతాయి, డేట్ ఆగిపోతుంది. అలాంటి పిల్లకు డేట్ తెప్పించే మాత్ర ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. "ఏం తింటున్నావురా, ఎన్ని గంటలు పడుకుంటున్నావు, ఏడుపొస్తోందా" అని కూర్చోబెట్టి అడగాలి. మార్కుల గురించి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

డాక్టర్‌తో పిల్లను ఒక అయిదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి. అమ్మ పక్కన ఉంటే చెప్పలేనివి చాలా ఉంటాయి. దానికి బాధపడకండి.

లోపల పరీక్ష చేస్తారని భయంగా ఉంది.

ఈ భయంతోనే ఏళ్ల తరబడి వాయిదా వేసేవాళ్లున్నారు. శారీరక సంబంధం లేని అమ్మాయిలకు మామూలుగా లోపల పరీక్ష చేయరు. పొట్ట మీద నుంచే స్కానింగ్ చేస్తారు. దానికి మూత్రం నిండుగా ఉండాలి కాబట్టి వెళ్లే ముందు నీళ్లు బాగా తాగి, ఆపుకోవాలి. ఎవరికైనా సరే, పరీక్ష చేసే ముందు ఏం చేయబోతున్నారో చెప్పి, మీరు సరేనన్నాకే చేయాలి. నర్సును పక్కన ఉండమని అడగొచ్చు. నొప్పిగా ఉంటే మధ్యలో ఆపమనొచ్చు.

"పెళ్లైందా?" అని డాక్టర్ అడిగితే చాలాసార్లు దాని అర్థం శారీరక సంబంధం ఉందా అని. ఉంటే ఉందనే చెప్పండి. ఆ ఒక్క జవాబును బట్టి చేసే పరీక్షలు మారిపోతాయి. ఒక ఆసుపత్రిలో మా పక్కింటి అమ్మాయిని ఈ ప్రశ్న తలుపు తెరిచి ఉంచి, బయట క్యూ అంతా వినేలా అడిగారు. ఆ పిల్ల లేదని తలూపింది. నాలుగు రోజుల తర్వాత నాకు నిజం చెప్పింది. తప్పు ఆ పిల్లది కాదు. అలాంటప్పుడు "తలుపు వేయండి మేడం, చెబుతాను" అనండి. అలా అడిగే హక్కు మీకుంది.

నెలసరి నొప్పి భరించలేకపోతున్నాను. ఇంట్లో అందరూ "మాకు రాలేదా" అంటున్నారు.

కాలేజీ మానేయాల్సి వచ్చేంత, వాంతులయ్యేంత నొప్పి మామూలు నొప్పి కాదు. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటి మందులు నొప్పి ముదిరాక కంటే మొదలవుతుండగానే, ఏదైనా తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తాయి. కడుపులో పుండు, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. మందులకు లొంగకపోయినా, ఏటేటా పెరుగుతున్నా, మలవిసర్జన అప్పుడో కలయికలోనో నొప్పి ఉన్నా ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) ఉందేమో చూడమని మీరే అడగండి. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా అది ఉండొచ్చు. "రిపోర్టులు నార్మల్, అంతా నీ మనసులోనే" అనే మాట విని కుంగిపోయినవాళ్లను చూశాను. నొప్పి నిజం. నెలనెలా అంత నొప్పి పడితే మనసు దెబ్బతినడం కూడా నిజమే.

పీసీఓడీ అన్నారు. ఇక పిల్లలు పుట్టరా?

పుడతారు. కొందరికి అండం విడుదల కావడానికి మందుల సాయం కావాలి, అంతే. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువ ఉండటం, స్కానింగ్‌లో అండాశయం నిండా చిన్న చిన్న బుడగలు కనిపించడం, ఈ మూడింటిలో రెండైనా ఉంటేనే పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) అంటారు. స్కానింగ్ ఒక్కటి చూసి ముద్ర వేయకూడదు. పెద్దమనిషి అయి ఎనిమిదేళ్లు నిండని అమ్మాయిల్లో ఆ బుడగలు మామూలుగానే కనిపిస్తాయి కాబట్టి స్కానింగ్‌ను బట్టి అసలు తేల్చకూడదు.

పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల్లో దిగులు, ఆందోళన మిగతావాళ్ల కంటే ఎక్కువ. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, బరువు, వీటి మీద చుట్టాలు అనే మాటలు చాలు మనసు విరిగిపోవడానికి. పెళ్లిచూపుల సీజన్‌లో అయితే చెప్పక్కర్లేదు. బరువు తగ్గమని చెప్పే పెద్దలు, ఆ పిల్ల మనసు ఎలా ఉందో కూడా అడగాలి. మూడు పూటలా ప్లేటు నిండా అన్నం బదులు పప్పు, గుడ్డు, కూరలు పెంచి, రోజూ అరగంట చురుగ్గా నడిస్తే బరువు కొద్దిగా తగ్గినా డేట్ గాడిన పడొచ్చు. అన్నం పూర్తిగా మానేసి నీరసపడాల్సిన పని లేదు.

డేట్ ముందు వారం నేను నేను కాను. కోపం, ఏడుపు, చచ్చిపోవాలనిపించడం. అయ్యాక మళ్లీ మామూలే.

దీనికి పేరుంది, పీఎండీడీ అంటారు. చికిత్సా ఉంది. మన ఇళ్లలో గోడకు తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీదే రాయండి. డేట్ వచ్చిన రోజు చుట్టూ సున్నా చుట్టండి. మనసు బాగోలేని రోజు కింద చిన్న గీత పెట్టండి. రెండు నెలలు చాలు. గీతలన్నీ సున్నాకు ముందు వారం పది రోజుల్లోనే గుంపుగా ఉండి, డేట్ వచ్చిన రెండు మూడు రోజులకు ఆగిపోతే పీఎండీడీ అని అనుమానించాలి. నెలంతా గీతలుంటే అది వేరే రకం డిప్రెషన్ కావొచ్చు. ఆ పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి డాక్టర్‌కు చూపించండి. అర్ధగంట చెప్పినా తేలనిది ఆ ఫొటో చూస్తే తేలుతుంది.

తెల్లబట్ట అవుతోంది. ఎముకలు కరిగిపోతున్నాయా?

లేదు. ఎముకలకూ దానికీ సంబంధమే లేదు. అండం విడుదలయ్యే రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు తెల్లగా, పల్చగా అవడం సహజం. దురద, మంట, దుర్వాసన, పెరుగు విరిగినట్టు ముద్దలుగా ఉండటం, పచ్చగా మారడం, రక్తపు చారలు కనిపించడం, ఇవుంటే చూపించుకోవాలి. లోపల సబ్బుతో కడగొద్దు, ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. పరీక్షల్లో ఏమీ లేకపోయినా "తెల్లబట్ట, నడుము నొప్పి, నీరసం" అని మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లలో చాలాసార్లు చెప్పుకోలేని దిగులు ఉంటుంది. బాధగా ఉందని చెప్పడం కంటే తెల్లబట్ట అని చెప్పడమే వాళ్లకు సులువు.

కాన్పు అయ్యాక మా కోడలు బిడ్డను దగ్గరకు తీసుకోవడం లేదు. ఎప్పుడూ ఏడుస్తోంది. గాలి సోకిందా?

గాలి కాదమ్మా. కాన్పయిన మూడు నాలుగో రోజు నుంచి కళ్లు చెమర్చడం, చిరాకు చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది డిప్రెషన్ కావొచ్చు. కాన్పయ్యాక ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. పుట్టింట్లో ఉన్నన్నాళ్లు తల్లి రాత్రిళ్లు బిడ్డను ఎత్తుకుంటుంది కాబట్టి గడిచిపోతుంది. మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తారింటికి వచ్చాక కుంగిపోయినవాళ్లను నేను చూశాను. అప్పుడు "ఇక్కడికొచ్చాకే ఇలా అయింది" అని రెండిళ్ల మధ్య గొడవలు మొదలవుతాయి, వైద్యం పక్కకు పోతుంది.

ఒక్క ప్రశ్న అడగండి: "బిడ్డ పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా?" బిడ్డ నిద్రపోయినా, పక్కన చూసుకునే మనిషి ఉన్నా తనకు నిద్ర పట్టడం లేదంటే చూపించాలి. ఆసుపత్రిలో పది ప్రశ్నల చిన్న పత్రం నింపిస్తారు. పత్యం పేరుతో నీళ్లు, ఆకుకూరలు, పళ్లు ఆపకండి. కాన్పులో పోయిన రక్తం మళ్లీ రావాలి కదా. రక్తం, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి.

బిడ్డ తనది కాదనడం, ఎవరో చంపడానికొస్తున్నారనడం, రెండు మూడు రోజులు అసలు నిద్రే లేకుండా తిరగడం, సంబంధం లేని మాటలు, ఇవి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తాయెత్తు కట్టించాక వెళ్దామని ఆగొద్దు. తల్లినీ బిడ్డనూ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వచ్చే ఈ జబ్బు సరైన వైద్యంతో నయమవుతుంది.

మానసిక మందులు వాడుతూ గర్భం దాల్చొచ్చా? పాలు పట్టొచ్చా?

చాలా మందులతో వీలవుతుంది, కానీ ముందుగా మాట్లాడుకోవాలి. వాల్‌ప్రోయేట్ పేరు గుర్తుపెట్టుకోండి. ఫిట్స్‌కూ, మనసు బాగా పైకీ కిందికీ ఊగే బైపోలార్ జబ్బుకూ ఇస్తారు. గర్భంలో బిడ్డకు అవయవ లోపాలు, తెలివితేటల లోపాలు వచ్చే ముప్పు దానితో ఎక్కువ. అందుకే పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లకు వీలైనంత వరకు వేరే మందు చూస్తారు. మీ చీటీలో అది ఉంటే రేపే ఆపేయకండి, రేపే డాక్టర్‌ను కలవండి. ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజెపిన్ వాడేవాళ్లకు గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు, ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. డిప్రెషన్‌కు ఇచ్చే సెర్ట్రలిన్ పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది కాబట్టి బాలింతలకు ఎక్కువగా దాన్నే ఇస్తారు.

గర్భసంచి తీసేయించుకోమన్నారు. లేకపోతే క్యాన్సర్ వస్తుందన్నారు.

ఆగండి. 2019-21 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు సుమారు ముగ్గురుంటే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎనిమిది మందికి పైగా ఉన్నారు. మన ఆడవాళ్లకే అన్ని జబ్బులు ఉన్నాయా? ఇది తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేయించుకుని, నడుము పట్టుకుని కూలికి పోయేవాళ్లు మా ఊళ్లో వాడకొకరు ఉన్నారు.

బ్లీడింగ్ ఎక్కువైతే ముందు మందులున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది. ఆపరేషన్ తప్పనిసరి అయ్యే పరిస్థితులూ ఉంటాయి, కాదనను. అయితే సంతకం పెట్టే ముందు మూడు అడగండి: బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేశారా? వేరే దారి ఏముంది? అండాశయాలు ఉంచుతారా, తీసేస్తారా? నెలసరి ఆగే వయసు రాకముందే రెండు అండాశయాలూ తీసేస్తే ఒక్కసారిగా ఒళ్లు ఆవిర్లు, నిద్రలేమి, దిగులు వస్తాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ఆపరేషన్ తర్వాత "ఏమీ లేకపోయినా ఏడుపొస్తోంది" అనేవాళ్లకు ఈ కారణం ఎవరూ వివరించి ఉండరు. ప్రాణాపాయం లేకపోతే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడానికి ఎప్పుడూ టైం ఉంటుంది.

మరి క్యాన్సర్ భయం ఎలా పోతుంది?

పరీక్షతో. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుంది, ముదరడానికి ఏళ్లు పడుతుంది. 30 దాటిన ప్రతి ఒక్కరూ పరీక్ష చేయించుకోవాలి, కొద్ది నిమిషాల పని. 9 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు టీకా బాగా పనిచేస్తుంది. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా వెళ్లాలి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జె ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

అబార్షన్‌కు భర్త సంతకం కావాలా?

అక్కర్లేదు. 18 నిండిన స్త్రీ తన సమ్మతి ఒక్కటే ఇస్తే చాలు. చట్టం 1971 నాటిది, 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. పెళ్లి కానివాళ్లకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్‌లో చెప్పింది. గర్భం కొనసాగితే మానసిక ఆరోగ్యం తీవ్రంగా దెబ్బతింటుందన్నది కూడా చట్టం ఒప్పుకున్న కారణమే. వివరాలు రహస్యంగా ఉంచాలి. మెడికల్ షాపులో మాత్రలు కొని ఇంట్లో వేసుకోవద్దు. గర్భం ట్యూబ్‌లో ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

సైకియాట్రిస్టును కలిస్తే రేపు పెళ్లి సంబంధాలకు, ఉద్యోగానికి తెలుస్తుందా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు రహస్యంగా ఉంచాలి. అదే చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలని, శిక్షించకూడదని చెప్పింది. పోలీసు కేసు అవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో కొడుతున్నారు. డాక్టర్‌కు చెబితే ఏమవుతుంది?

చెప్పండి, దెబ్బలు చీటీలో రాయమనండి. తర్వాత అదే ఆధారం. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. సఖి కేంద్రాల్లో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, కొద్ది రోజులు ఉండే వసతి ఒకే చోట దొరుకుతాయి. అత్యాచారం జరిగితే భరోసా కేంద్రం ఉంది. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా ఆసుపత్రి వైద్యం చేయాల్సిందే, అదీ ఉచితంగా. లోపల వేళ్లు పెట్టి చూసే "రెండు వేళ్ల పరీక్ష" ఎవరూ చేయకూడదు, సుప్రీంకోర్టు గట్టిగా వద్దంది. 18 ఏళ్ల లోపు పిల్లలకైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

రాత్రి రెండు గంటలకు చచ్చిపోవాలనిపిస్తే ఎవరితో మాట్లాడాలి?

14416. టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. "ఏం చెప్పాలో తెలియడం లేదు" అని మొదలుపెట్టినా చాలు. మాత్రలు మింగేసి ఉంటే, ప్రాణాపాయం అనిపిస్తే వెంటనే 108. ఇంట్లో అలాంటి మనిషి ఉంటే పురుగుల మందు, నిద్రమాత్రలు ఆమె చేతికి అందకుండా తీసేసి పక్కనే కూర్చోండి.

డాక్టర్ ముందు అన్నీ మర్చిపోతాను. ఏం రాసుకుని వెళ్లాలి?

ఒక చిన్న కాగితం చాలు. చివరిసారి డేట్ ఎప్పుడొచ్చింది, ఎన్ని రోజులుంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు. ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భాలు పోయాయి. వాడే మందులన్నీ, నిద్రమాత్రలు, నాటు మందులతో సహా. రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతోంది. కింద చివరి వరుసలో, అన్నింటికంటే ముందు మీరు అడగాలనుకుని అడగలేకపోతున్న ప్రశ్న. నోటితో అడగలేకపోతే ఆ కాగితం డాక్టర్ చేతికివ్వండి.